పార్క్ చేసిన బండికి ఏ కాపలా? డిస్క్ లాక్, గొలుసు, అలారం, ట్రాకర్: ఎవరికి ఏది సరిపోతుంది

పొద్దున్నే కిందికి దిగేసరికి బండి ఉండాల్సిన చోట నూనె మరక ఒక్కటే కనిపిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముందు మన మీద మనకే అనుమానం వస్తుంది. నిన్న ఇంకెక్కడైనా పెట్టి మర్చిపోయానా అని చుట్టుపక్కల వెతుకుతాం. తర్వాత ఇంట్లోవాళ్లను అడుగుతాం. నిజం ఒంటికి పట్టడానికి చాలాసేపు పడుతుంది. ఆ రాత్రి నేను హ్యాండిల్ లాక్ వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేశాను. అంతకు మించి చేయాల్సింది ఉందని అప్పటికి నాకు తెలియదు.

తర్వాత కొన్న బండికి ఇప్పటిదాకా నాలుగైదు రకాల తాళాలు వాడాను. కొన్ని నెల తిరగకముందే అటక ఎక్కాయి, కొన్ని రోజూ పనికొస్తున్నాయి. కొత్తగా బండి కొన్నవాళ్లు "డిస్క్ లాక్ కొనమంటావా, గొలుసు కొనమంటావా, లేకపోతే జీపీఎస్ పెట్టించమంటావా?" అని అడిగితే నేను ముందు ఒకటే అడుగుతాను: రాత్రిపూట మీ బండి ఎక్కడ ఉంటుంది, దాని పక్కన కట్టేయడానికి ఏముంది? ఆ జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

## ముందు దొంగ పని ఎలా జరుగుతుందో చూద్దాం

బండి పోయే దారులు ముఖ్యంగా నాలుగు.

ఒకటి, చెవి బండికే ఉండిపోవడం. రెండు నిమిషాల పనే కదా అని ఇంజిన్ కూడా ఆపకుండా దిగినప్పుడు బండి మీద ఎక్కి వెళ్లిపోతారు.

రెండు, నెట్టుకుంటూ పోవడం. హ్యాండిల్‌ను ఒక పక్కకు బలంగా తన్నినా, ఒంటి బరువంతా వేసి గుంజినా చాలా బండ్లలో హ్యాండిల్ లాక్ లోపలి పిన్ను విరిగిపోతుంది. ఇగ్నిషన్ జోలికి కూడా పోకుండా, ఇంకో బండి మీద వచ్చిన తోడుదొంగ కాలితో వెనక నుంచి తోస్తూ తీసుకుపోతాడు.

మూడు, ఎత్తుకుపోవడం. మామూలు బండి బరువు 110 నుంచి 200 కిలోలు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కలిస్తే దాన్ని వ్యాన్‌లోకి ఎక్కించడం పెద్ద పని కాదు. చక్రానికి ఎంత మంచి తాళం ఉన్నా, ఆ తాళంతో సహా బండి వెళ్లిపోతుంది. తీరిగ్గా ఇంకెక్కడో కోసుకుంటారు.

నాలుగు, తాళాన్ని అక్కడే కోయడం. దీనికి బోల్ట్ కట్టర్ (ఇనుము తెంచే పొడవాటి పిడుల కత్తెర) గానీ, బ్యాటరీతో నడిచే గ్రైండర్ (గిర్రున తిరిగే బ్లేడుతో ఇనుము కోసే యంత్రం) గానీ వాడతారు.

బండి తాళాలు అమ్మేవాళ్లు ఎక్కువగా నాలుగో దాని గురించే మాట్లాడతారు. తాళం ఎంత గట్టిదో చెప్పడం వాళ్లకు తేలిక. కానీ దేనికీ కట్టకుండా నిలబెట్టిన బండి విషయంలో దొంగకు తాళం కోయాల్సిన అవసరమే రాదు. కట్టేయడానికి ఏముందని నేను మొదటే అడిగేది అందుకే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను చూసేవి ఇవి.

మీ కంటికి కనపడకుండా బండి ఎంతసేపు ఉంటుంది? బజారులో పది నిమిషాలు వేరు, ఆఫీసు ముందు తొమ్మిది గంటలు వేరు, చీకట్లో ఆరేడు గంటలు వేరు. ఏ తాళమైనా దొంగకు కొంత సమయం పట్టేలా చేస్తుంది, కొంత చప్పుడు అయ్యేలా చేస్తుంది, అంతే. ఆ సమయంలో ఎవరైనా చూసే వీలున్న చోట చిన్న తాళం కూడా పని చేస్తుంది. ఎవరూ రాని చోట పెద్దది కూడా చాలకపోవచ్చు.

కదలని వస్తువు ఏదైనా అందుబాటులో ఉందా? కాంక్రీటు స్తంభం, నేలలో పాతిన ఇనుప రింగు, గట్టి ఇనుప స్తంభం లాంటివి.

ఆ తాళాన్ని మీరు రోజూ వేస్తారా? దీన్ని చాలామంది కొనేటప్పుడు ఆలోచించరు. ఎనిమిది కిలోల గొలుసు కొని, వారం రోజులు మోసి, ఎనిమిదో రోజు నుంచి ఇంట్లో వదిలేసేవాళ్లను చూశాను. నేనూ అదే చేశాను. రోజూ వేసే మామూలు తాళం ముందు ఇంట్లో పడున్న గొప్ప తాళం దేనికీ పనికిరాదు.

ఇక బండి విలువ. బండి విలువలో పదో వంతు తాళాల మీద పెట్టమని బైకర్లు చెప్పే లెక్క ఒకటి ఉంది. అది కొత్త బండికి పర్వాలేదు. పాత బండికి మాత్రం సరిపోదు. పాతదే అయినా ఆ బండి మీదే మీ రోజు గడుస్తుంటే దాని అసలు విలువ అమ్మకం ధర కంటే చాలా ఎక్కువ.

## బండితో పాటు వచ్చేవి: హ్యాండిల్ లాక్, ఇమ్మొబిలైజర్

హ్యాండిల్ లాక్ ఎప్పుడూ వేయండి, దాని మీదే ఆధారపడకండి. చాలా ఏళ్లు వాడిన బండ్లలో ఇగ్నిషన్ తాళం అరిగిపోయి, వేరే చెవితోనో స్క్రూడ్రైవర్‌తోనో తిరిగిపోతుంటుంది. మీ బండి చెవి తాళంలో వదులుగా ఆడుతున్నా, సగం తిరిగాక బయటికి వచ్చేస్తున్నా ముందు లాక్ సెట్ మార్పించండి. ఆ పని చేయకుండా పైన ఇంకేం కొన్నా అర్థం లేదు.

ఇమ్మొబిలైజర్ ఉన్న బండి చెవిలో చిన్న చిప్ ఉంటుంది. బండిలోని కంప్యూటర్ ఆ చిప్‌ను గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. వైర్లు కలిపి స్టార్ట్ చేసే పద్ధతిని ఇది బాగా అడ్డుకుంటుంది. నెట్టుకుపోవడాన్ని, ఎత్తుకుపోవడాన్ని ఆపలేదు. చెవి లేకుండా రిమోట్‌తో స్టార్ట్ అయ్యే బండి అయితే ఇంకో జాగ్రత్త కావాలి. తలుపు పక్కన పెట్టిన రిమోట్ సిగ్నల్‌ను బయటి నుంచి పట్టి, బండి దాకా చేరవేసే పరికరాలు ఉన్నాయి. రిమోట్‌ను ఇంటి లోపలి గదిలో పెట్టండి, లేదా సిగ్నల్ బయటికి పోనివ్వని పౌచ్‌లో వేయండి.

## డిస్క్ లాక్

బ్రేక్ డిస్క్ రంధ్రంలోంచి పిన్ను దూర్చి వేసే చిన్న తాళం ఇది. బరువు అర కిలో నుంచి కిలో దాకా ఉంటుంది, జేబులో గానీ సీటు కింద గానీ పడుతుంది. వేయడానికి ఐదు సెకన్లు చాలు. కాబట్టి రోజూ వేస్తారు. దీని అసలు బలం అదే.

ఇది నెట్టుకుపోవడాన్ని ఆపుతుంది. ఎత్తుకుపోవడాన్ని ఆపదు. తాళం ఉన్న చక్రం కింద చిన్న చక్రాల బల్ల పెట్టి తోసుకుపోయేవాళ్లు కూడా ఉన్నారు. అందుకని పగటి పూట, జనం తిరిగే చోట, తక్కువసేపు ఆపినప్పుడు దీన్ని నేను పూర్తిగా నమ్ముతాను. రాత్రికి దీన్ని ఒక్కదాన్నే నమ్మను.

కొనే ముందు మీ డిస్క్ రంధ్రాలను కొలవండి. చిన్న బండ్లకు, స్కూటర్లకు 5, 6 మిల్లీమీటర్ల పిన్ను ఉన్నదే పడుతుంది. పెద్ద బండ్లకు 10, 14 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. పట్టేవాటిలో లావుగా ఉన్న పిన్నునే తీసుకోండి. డ్రమ్ బ్రేకులు మాత్రమే ఉన్న బండికి ఇది పనికిరాదు.

దీనితో వచ్చే పెద్ద ప్రమాదం మర్చిపోవడం. తాళం తీయకుండా బండి కదిలిస్తే అది బ్రేక్ కాలిపర్‌కు (డిస్క్‌ను నొక్కి పట్టే భాగం) కొట్టుకుని బండి పడిపోతుంది. డిస్క్ వంగుతుంది, ఒక్కోసారి కాలిపర్ పగులుతుంది. అందుకే తాళం నుంచి హ్యాండిల్ దాకా కట్టే రంగు తీగ ఇస్తారు. దాన్ని పక్కన పడేయకండి. ఇంకో పద్ధతి కూడా ఉంది. బండి కాస్త ముందుకు కదలగానే కాలిపర్‌కు తగిలేలా, తాళాన్ని దాని పక్కనే వేయండి. మర్చిపోయినా వేగం అందుకోకముందే ఆగిపోతారు.

అలారం ఉన్న డిస్క్ లాక్‌లు 110 డెసిబెల్స్ దాకా అరుస్తాయి. సెల్లార్ లాంటి మూసిన చోట ఆ శబ్దం గోడలకు కొట్టుకుని ఇంకా పెద్దగా వినిపిస్తుంది. రోడ్డు పక్కన లారీ వెళ్లినా మోగేంత సున్నితంగా ఉన్నవాటిని మాత్రం కొనొద్దు. రోజూ ఊరికే మోగే అలారాన్ని మూడో రోజు నుంచి ఎవరూ పట్టించుకోరు.

## గొలుసు: ఎక్కువ ఆలోచించి కొనాల్సింది ఇదే

బండిని ఇంకోదానికి కట్టగలిగేది గొలుసే. కాబట్టి ఎత్తుకుపోయే దొంగకు అడ్డుపడేది కూడా ఇదే. నా లెక్కలో రాత్రి కాపలాకు దీని తర్వాతే ఏదైనా.

గొలుసును లింకు మందంతో కొలుస్తారు. 10 మిల్లీమీటర్ల లోపు గొలుసు పెద్ద బోల్ట్ కట్టర్‌కు సులువుగా లొంగుతుంది. 12, 13 మిల్లీమీటర్ల గట్టిపరచిన ఉక్కు గొలుసుకు చాలా పెద్ద కట్టర్, ఇద్దరి బలం కావాలి. 16 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటే చేతితో వాడే కట్టర్లు దాదాపు పనిచేయవు. అప్పుడు దొంగకు గ్రైండర్ ఒక్కటే మిగులుతుంది. గ్రైండర్ ఎంత గట్టి ఉక్కునైనా కోస్తుంది. కాకపోతే అంత లావు లింకును ఒక వైపు కోస్తే వంగి తెరుచుకోదు, రెండు వైపులా కోయాలి. ఆ కాసేపూ నిప్పురవ్వలు లేస్తాయి, చెవులు చిల్లులు పడే చప్పుడు అవుతుంది. మీరు కొనేది ఆ చప్పుడునే.

హార్డ్‌వేర్ షాపులో తూకానికి అమ్మే మామూలు గొలుసు చూడటానికి లావుగానే ఉంటుంది. కానీ అది గట్టిపరచినది కాదు. మెత్తని ఉక్కు, కట్టర్ పట్టు దొరికితే తెగిపోతుంది. ప్లాస్టిక్ తొడుగు వేసిన తీగ తాళాల గురించి ఎక్కువ చెప్పను. అవి హెల్మెట్‌కు, రెయిన్‌కోటు సంచికి పనికొస్తాయి. బండికి వద్దు.

గొలుసు ఎంత మంచిదైనా దానికి వేసే తాళం బలహీనమైతే దొంగ దాన్నే పట్టుకుంటాడు. తాళం కమ్మీ బయటికి ఎక్కువ కనపడకూడదు. గుండ్రని గొట్టం లాంటి చెవి ఉన్న పాతకాలపు తాళాలు తీసుకోకండి. ఆ రకం తాళాలు కొన్ని మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరుచుకుంటున్నాయని 2004లో బయటపడి, తయారీదారులు వాటిని వెనక్కి తీసుకుని మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

పెట్టె మీద "భద్రత స్థాయి 10" లాంటి అంకెలు ఉంటాయి. అవి ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకున్న మార్కులు. ఒక కంపెనీ పదిని ఇంకో కంపెనీ పదిహేనుతో పోల్చలేం. బయటివాళ్లు పరీక్షించి ఇచ్చిన గుర్తు ఉందేమో చూడండి. బ్రిటన్‌లో 1992లో మొదలైన సోల్డ్ సెక్యూర్ సంస్థ తాళాలకు బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని స్థాయిలు ఇస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఏఆర్‌టీ గుర్తులో ఐదు దాకా నక్షత్రాలు ఉంటాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. సోల్డ్ సెక్యూర్‌లో సైకిల్ తాళాల పరీక్ష వేరు, మోటార్ సైకిల్ తాళాల పరీక్ష వేరు. సైకిల్ విభాగంలో గోల్డ్ వచ్చిన తాళాన్ని బండికి కూడా గోల్డ్ అనుకుని కొనేస్తుంటారు. ఏ విభాగమో చదివి కొనండి.

### గొలుసు ఎక్కడ వేయాలి

ముందు చక్రానికి మాత్రమే వేస్తే, ఆ చక్రాన్ని విప్పి అక్కడే వదిలేసి మిగతా బండి తీసుకుపోవచ్చు. చాసిస్ (బండి అసలు చట్రం) చుట్టూ వేసే వీలుంటే అదే మేలు. చాలా బండ్లలో అంత లావు గొలుసు దూరే సందు ఉండదు. అప్పుడు వెనక చక్రంలోంచి, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని బండికి పట్టి ఉంచే చేయి) లోపలి నుంచి తిప్పి స్తంభానికి కట్టండి.

గొలుసు నేల మీద పడి ఉండకూడదు. నేల మీద ఉంటే కట్టర్ ఒక పిడిని నేలకు ఆనించి, రెండో దాని మీద ఒంటి బరువంతా వేసి నొక్కుతారు. సుత్తితో కొట్టడానికి కూడా నేల ఆసరా అవుతుంది. వదులు లేకుండా, నేలకు తగలకుండా, చెవి రంధ్రం కిందికి ఉండేలా వేయండి. రంధ్రం పైకి ఉంటే వాననీళ్లు దిగి తుప్పు పడుతుంది.

### బరువు సంగతి

ఒకటిన్నర మీటర్ల 16 మిల్లీమీటర్ల గొలుసు తాళంతో కలిపి ఎనిమిది కిలోల పైమాటే. దీన్ని రోజూ వెంట తీసుకెళ్లాలని అనుకోకండి. భుజానికి అడ్డంగా వేసుకుని నడిపేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. కిందపడితే ఆ ఇనుప ముద్ద వెన్నెముక కింద నలుగుతుంది. నడుముకు చుట్టుకోవడం కూడా అంతే ప్రమాదం. హ్యాండిల్‌కు తగిలిస్తే మలుపులో ఇరుక్కుంటుంది.

నాకు కుదిరిన పద్ధతి చెబుతాను. పెద్ద గొలుసు రాత్రి బండి ఉండే చోటే, ఆ స్తంభానికే, ఎప్పటికీ ఉండిపోతుంది. వెంట డిస్క్ లాక్ ఒక్కటే వస్తుంది. మోసే బాధ లేకపోతే ఎంత లావు గొలుసైనా కొనుక్కోవచ్చు.

## యూ-లాక్

గుర్రపునాడా ఆకారంలో ఉండే ఈ తాళాన్ని చక్రంలోంచి, స్వింగ్ ఆర్మ్ చుట్టూ వేస్తారు. అదే మందం గొలుసు కంటే తేలిక, ధర కూడా తరచుగా తక్కువే. రెండు కాళ్లూ విడివిడిగా బిగుసుకునే రకం అయితే దొంగ రెండు చోట్ల కోయాలి. ఇబ్బంది ఏమిటంటే ఇది పొట్టిగా ఉంటుంది, లావు స్తంభం చుట్టూ రాదు. సన్నటి ఇనుప కమ్మీ, పాతిన రింగు లాంటివి ఉన్నచోట బాగుంటుంది.

ఈ మధ్య గ్రైండర్ బ్లేడునే అరగదీసే పూత ఉన్న యూ-లాక్‌లు వచ్చాయి. హిప్‌లాక్ డీ1000, లైట్‌లాక్ ఎక్స్1 అలాంటివే. ఒక తాళానికి చాలా బ్లేడ్లు అరిగిపోతాయి. ధర బాగా ఎక్కువ. ఖరీదైన బండిని రోడ్డు మీద పెట్టక తప్పనివాళ్లు ఆ డబ్బు పెట్టొచ్చని నా అభిప్రాయం.

## నేలలో పాతే యాంకర్

సొంత స్థలం ఉండి, దీన్ని వేయించుకోని వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. నేలలో గానీ గోడలో గానీ బిగించే ఉక్కు రింగు ఇది. కొత్తగా కాంక్రీటు పోసేటప్పుడు లోపల పాతేస్తే అంతకంటే మేలైనది లేదు. పాత కాంక్రీటులో అయితే డ్రిల్ చేసి బోల్టులతో బిగిస్తారు. బోల్టు తలల్లో ఉక్కు గోళీలు కొట్టి మూసేస్తే తిరిగి విప్పడం కుదరదు. ఇటుక గోడకు, టైల్స్ కింద పలచగా ఉన్న నేలకు బిగిస్తే గడ్డపారతో పెకిలించొచ్చు. కింద నిజంగా కాంక్రీటు ఉందో లేదో చూసుకోండి.

అద్దె ఇల్లైతే యజమానిని అడగాలి. ఒప్పుకోకపోతే స్తంభమే దిక్కు. మెట్ల రెయిలింగ్, గేటు కమ్మీ, బోర్డు నిలబెట్టిన పైపు లాంటివి చూడటానికి గట్టిగా ఉంటాయి. వాటిని ఊపి చూడండి. పైపు కింద బోల్టులు బయటికి ఉన్నాయా, గొలుసును పైనుంచి జారవిడిచి తీసేయొచ్చా అని చూడండి. ఏమీ లేకపోతే ఇంట్లో ఉన్న రెండు బండ్లను ఒకదానికొకటి కట్టేయండి. రెండింటినీ కలిపి ఎత్తడం చాలా కష్టం.

## ట్రాకర్

ట్రాకర్ దొంగతనాన్ని ఆపదు. బండి పోయాక ఎక్కడుందో చెబుతుంది. ఈ తేడా తెలియక, జీపీఎస్ ఉంది కదా అని తాళం మానేసినవాళ్లు ఉన్నారు.

సిమ్ కార్డుతో పనిచేసే జీపీఎస్ పరికరం ఉపగ్రహాల నుంచి చోటు తెలుసుకుని, మొబైల్ నెట్‌వర్క్ మీదుగా మీ ఫోన్‌కు పంపుతుంది. బండి కదలగానే హెచ్చరిక రావడం దీని మంచి గుణం. భూమి లోపలి పార్కింగ్‌లో, మూసిన ఇనుప వ్యాన్‌లో సిగ్నల్ పోవచ్చు. సిగ్నల్‌ను అడ్డుకునే జామర్లు వాడే ముఠాలూ ఉన్నాయి. బండిని వెంటనే అమ్మకుండా, రెండు మూడు రోజులు ఏదో సందులో వదిలి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో చూసే దొంగలు కూడా ఉన్నారు. ట్రాకర్ ఉన్నవాళ్లకు బండి దొరికేది ఆ రెండు మూడు రోజుల్లోనే.

బ్యాటరీ లెక్క ముందే వేసుకోండి. 10 మిల్లీ ఆంపియర్లు లాగే పరికరం రోజుకు 0.24 ఆంపియర్ అవర్లు ఖర్చు చేస్తుంది. మీ బండి బ్యాటరీ 6 ఆంపియర్ అవర్లదైతే, బండి తీయకుండా ఉంచిన పన్నెండు రోజుల్లో సగం ఖాళీ. రోజూ నడిపేవాళ్లకు ఇది సమస్య కాదు. నెలకోసారి తీసేవాళ్లు సొంత బ్యాటరీ ఉన్న ట్రాకర్ తీసుకోవాలి.

ఆపిల్ 2021లో తెచ్చిన ఎయిర్‌ట్యాగ్ లాంటి బిళ్లలు చవక. ఒక్క సీఆర్2032 బ్యాటరీతో ఏడాది దాకా పనిచేస్తాయి, సిమ్ అక్కర్లేదు. చుట్టుపక్కల ఉన్న ఫోన్ల ద్వారా తమ చోటు చెబుతాయి. అందుకే జనం లేని చోట మౌనంగా ఉండిపోతాయి. పైగా మనుషులను రహస్యంగా వెంబడించకుండా వీటిలో ఒక ఏర్పాటు ఉంది. తెలియని బిళ్ల ఒకటి మీతో ప్రయాణిస్తోందని ఎదుటివాళ్ల ఫోన్‌కు కబురు వెళుతుంది. ఐఫోన్లకే కాదు, 2023 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లకూ వస్తోంది. యజమానికి దూరంగా కొన్ని గంటలు గడిచాక బిళ్ల తనే చప్పుడు చేస్తుంది. ఆ ఏర్పాటు అవసరమైనదే, ఉండాల్సిందే. కానీ దొంగకు కూడా అదే కబురు వెళుతుంది. రెండో ఆసరాగా పెట్టుకోవచ్చు, మొదటిదిగా వద్దు.

బండి చోటు ఫోన్‌లో కనిపిస్తే ఒంటరిగా వెళ్లకండి. పోలీసులకు చూపించి వాళ్లతోనే వెళ్లండి. పోయింది బండి ఒక్కటే, అక్కడితో ఆగనివ్వండి.

## రహస్య స్విచ్, కవర్

స్టార్టర్ వైరు మధ్యలోనో, ఇగ్నిషన్ కాయిల్ (ఇంజిన్‌లో నిప్పురవ్వకు కరెంటు ఇచ్చేది) వైరు మధ్యలోనో ఒక చిన్న స్విచ్ పెట్టి, అది కనపడకుండా దాచడం పాత ఉపాయం. ఖర్చు చాలా తక్కువ. కాయిల్ వైరుకు పెడితే బండి అసలు స్టార్ట్ కాదు. కానీ ఆ అతుకు ఊడితే నడుస్తున్న బండి రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. స్టార్టర్ వైరుకు పెడితే ఆ భయం లేదు, అయితే కిక్ కొట్టి గానీ తోసి గానీ స్టార్ట్ చేసేయొచ్చు. మంచి ఎలక్ట్రీషియన్ దొరికితే మొదటిది, నమ్మకం కుదరకపోతే రెండోది. వారంటీలో ఉన్న బండికి వైర్లు కోయించే ముందు షోరూమ్‌లో అడగండి.

కవర్‌ను అందరూ దుమ్ము కోసం అనుకుంటారు. కింద ఏ బండి ఉందో, ఏ తాళం ఉందో కనపడకుండా చేయడం దాని ఇంకో ఉపయోగం. కంపెనీ పేరు రాసి లేని మామూలు కవర్ కొనండి. సైలెన్సర్ చల్లారాక కప్పండి.

## ఒక్క చూపులో

| ఏది | నెట్టుకుపోతే | ఎత్తుకుపోతే | కోయడానికి వస్తే | వెంట తీసుకెళ్లడం |
|---|---|---|---|---|
| హ్యాండిల్ లాక్ | కొంచెం ఆపుతుంది | ఆపదు | కోయక్కర్లేదు, విరుస్తారు | బండిలోనే ఉంటుంది |
| డిస్క్ లాక్ | బాగా ఆపుతుంది | ఆపదు | కొంతసేపు | చాలా తేలిక |
| 13 మి.మీ. గొలుసు, స్తంభానికి | ఆపుతుంది | ఆపుతుంది | పెద్ద కట్టర్ కావాలి | కష్టం, కుదురుతుంది |
| 16 మి.మీ. గొలుసు, యాంకర్‌కు | ఆపుతుంది | ఆపుతుంది | గ్రైండర్ కావాలి | కుదరదు |
| యూ-లాక్ | ఆపుతుంది | కట్టే వీలుంటేనే | మందాన్ని బట్టి | పర్వాలేదు |
| అలారం | బెదిరిస్తుంది | బెదిరిస్తుంది | బెదిరిస్తుంది | తేలిక |
| ట్రాకర్ | ఆపదు, చెబుతుంది | ఆపదు, చెబుతుంది | సంబంధం లేదు | బండిలోనే ఉంటుంది |

## మీరు ఎవరు, మీకు ఏది

సొంత ఇల్లు, గ్యారేజ్ ఉన్నవాళ్లు. యాంకర్, 16 మిల్లీమీటర్ల గొలుసు. గ్యారేజ్ తలుపు తాళం ఉంది కదా అని లోపల బండిని విడిగా వదలకండి. లోపలికి వచ్చిన దొంగకు తలుపు చాటు దొరుకుతుంది, తీరిగ్గా పని చేసుకుంటాడు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టేవాళ్లు. మీ పార్కింగ్ స్థలం పక్కనే స్తంభం ఉంటే అదృష్టం. స్తంభం లావు కాబట్టి పొడవైన గొలుసు కావాలి, రెండు మీటర్లు కూడా చాలకపోవచ్చు. దానికి తోడు అలారం డిస్క్ లాక్. కాపలా మనిషి ఉంటే ఆయనకు మీ బండిని, మీ ఇంట్లో ఎవరెవరు నడుపుతారో చూపించి పెట్టండి. సీసీ కెమెరా ఉందన్న ధీమా వద్దు. ముసుగు వేసుకున్న మనిషిని అది రికార్డు మాత్రమే చేస్తుంది.

వీధిలో పెట్టక తప్పనివాళ్లు. అందరికంటే టెన్షన్ వీళ్లకే. వెలుతురు ఉన్న చోటు, ముందు చక్రం గోడకు ఆనేలా, రెండు బండ్ల మధ్య పెట్టండి. గొలుసు కట్టే స్తంభం ఇంటి నుంచి యాభై అడుగులు దూరమైనా అక్కడికే వెళ్లండి. గొలుసు, కవర్, జీపీఎస్ మూడూ కావాలి. డబ్బు ఒకేసారి కుదరకపోతే ఈ వరసలోనే కొనండి.

రోజంతా ఆగుతూ సాగే డెలివరీ పని వాళ్లు. ఇరవై సార్లు గొలుసు వేయమని చెప్పడం అన్యాయం. ఈ పనిలో ఎక్కువ ప్రమాదం బండికి వదిలేసిన చెవి వల్లే. ఇంజిన్ ఆపి చెవి తీయడం చేతికి అలవాటు కావాలి. చెవిని బెల్టుకు చిన్న తీగతో కట్టుకోండి, ఇక బండికి వదిలి వెళ్లలేరు. చేతికి అందే చోట రహస్య స్విచ్ ఉంటే ఇంకా మంచిది. పై అంతస్తుకు వెళ్లాల్సి వస్తే డిస్క్ లాక్.

దూరప్రయాణాలు చేసేవాళ్లు. డిస్క్ లాక్, సంచిలో పట్టే సన్నపాటి గొలుసు. గది తీసుకునే ముందే బండి లోపల పెట్టనిస్తారా అని అడగండి. తోడు బండ్లుంటే అన్నీ కలిపి కట్టండి.

నెలల తరబడి బండి తీయనివాళ్లు. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టండి. గొలుసు, కవర్, సొంత బ్యాటరీ ఉన్న ట్రాకర్. వారానికోసారి ఎవరైనా వెళ్లి చూసేలా ఏర్పాటు చేసుకోండి.

ఒక్కటే కొనగలను, ఏది కొనమంటావు అంటే, కట్టే చోటు ఉంటే 13 మిల్లీమీటర్లకు తగ్గని గొలుసు. కట్టే చోటు ఏమాత్రం లేకపోతే అలారం డిస్క్ లాక్.

## కొనే ముందు చేయాల్సిన చిన్న పనులు

బండికి ఇన్సూరెన్స్ ఉంటే అందులో దొంగతనం కూడా వస్తుందో లేదో చదవండి. కొన్ని పాలసీలు ఫలానా స్థాయి తాళం వేసి ఉండాలని షరతు పెడతాయి. క్లెయిమ్‌కు వెళ్లినప్పుడు బండితో వచ్చిన రెండు చెవులూ అడగడం మామూలే. రెండో చెవి ఎక్కడుందో ఈరోజే వెతికిపెట్టండి. బండి డిక్కీలో మాత్రం పెట్టకండి. 17 అక్షరాల, అంకెల చాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును, గీతలూ సొట్టలూ కనిపించేలా బండి నాలుగు వైపులనూ ఫొటో తీసి ఫోన్‌లో కాకుండా ఇంకోచోట కూడా దాచండి. నా బండి పోయినప్పుడు ఫిర్యాదు రాసేచోట నంబరు తప్ప ఇంకేం చెప్పాలో తెలియక నిలబడిపోయాను.

ఇక గొలుసు పొడవు. షాపులో అంచనాగా కొంటే పొట్టిదవుతుంది. సాయంత్రం బండిని మామూలుగా పెట్టే చోటే పెట్టి, ఒక తాడును వెనక చక్రంలోంచి, స్వింగ్ ఆర్మ్ లోపలి నుంచి తీసి స్తంభం చుట్టూ తిప్పి, నేలకు తగలకుండా బిగించండి. రెండు కొసలు కలిసిన చోట ముడి వేసి, దానికి ఒక జానెడు కలుపుకోండి. ఆ తాడును షాపుకు తీసుకెళ్లండి.